మంచమక్క

ఆ నూలుమిల్లు ఆడవాళ్ల వసతిలో మంచానికి ఇద్దరు. పగటిపాళీ మనిషి రాత్రి పడుకుంటుంది, రాత్రిపాళీ మనిషి పగలు. ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఏళ్లు గడిచిపోతాయి. అయినా వరస లేకుండా ఎలా? తన మంచంలో పడుకునే ఆ రెండో మనిషిని ఎవరికి వారు ‘మంచమక్క’ అనుకుంటారు.

తెగిన పోగులు అతికే పొట్టిదానికీ ఒక మంచమక్క ఉంది. పొట్టిది సాయంత్రం వచ్చి వాలేసరికి పక్క ఇంకా వెచ్చగా ఉండేది. తలగడలో ఆవిడ కలలు మిగిలిపోయేవి కాబోలు. తానెన్నడూ చూడని ఏరొకటి, ఒడ్డున ఆరేసిన తెల్లటి దుప్పట్లు, మెల్లగా నిద్రలోకి వచ్చేవి. పుట్టింట్లో వదిన తన మొహాన తలుపేసిననాటి నుంచీ పొట్టిదానికి తనదంటూ మిగిలింది ఆ సగం మంచమే.

ఆ మధ్యాహ్నం వార్డెనమ్మ మిల్లుకొచ్చి చల్లగా చెప్పింది. "ఇవాళ్టి నుంచి రాత్రిపాళీ ఎత్తేశారు. అందరికీ పగలే పని. ఇక మంచానికి ఒక్కరే. దీపాలు పెట్టేసరికి మంచం మీద ఎవరుంటే వాళ్లదే. రెండోవాళ్లు మూట సర్దుకోవాల్సిందే. మీ తగువులు నా దగ్గరికి తేవొద్దు."

పని దిగగానే పొట్టిది పరుగో పరుగు. గదిలోకొచ్చి కొయ్యబారిపోయింది. మంచం మీద మనిషి! రాత్రిపాళీని లేపే సైరన్ ఇవాళ మోగలేదు మరి. సందెవెలుగులో దూదినలుసులు తేలుతుంటే, నోరు కాస్త తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది మంచమక్క.

అలికిడికి ఆవిడ ఉలిక్కిపడి లేచింది.

"అయ్యో, పొద్దు పోయిందే! పాడు సైరన్ వినపడి చావలేదు. నువ్వేనా మా మంచమక్కవి? ఇంతేనా నువ్వు, చారెడు! రా తల్లీ, పడుకో, పక్క వెచ్చగానే ఉంది," అంటూ చెప్పుల కోసం తడుముకుంది.

నోరు మెదపకపోతే చాలు. ఆవిడ మిల్లు దాకా వెళ్లొచ్చేలోగా దీపాలు పెట్టేస్తారు. పొట్టిది మంచం మీద కూర్చుంది కూడా. పక్క నిజంగానే వెచ్చగా ఉంది. ఛీ, ఏం బతుకిది అనిపించి ఏడుపొచ్చింది.

"ఆగక్కా, రాత్రిపాళీ లేదిక," అని ఉన్నదంతా చెప్పేసింది.

మంచమక్క ఒంటి చెప్పుతో నిలబడిపోయింది. "మరి నేనెక్కడికి పోనే?"

"ఎక్కడికీ వద్దు. గోడవైపు జరుగు."

"వార్డెనమ్మ వస్తే?"

"రానీ. ముగ్గురం సర్దుకుందాం."