ఎక్కేముందు ఎన్ని గ్రాములు

డాక్టరమ్మ నోటి నుంచి ఒక్క అంకె రాబట్టడానికి పైనక్కకు అరగంట పట్టింది. అన్నం తగ్గించండి, బ్రెడ్డు తగ్గించండి, చూసుకుని తినండి అంటుందే తప్ప ఎంత తినాలో చెప్పదు. ఇరవై రెండేళ్ళుగా టవర్ క్రేన్ నడుపుతున్న మనిషికి ఇలాంటి మాటలు ఎలా ఎక్కుతాయి? క్రేన్ మీద చూసుకుని ఎత్తడం అనేది ఉండదు. ఇంత దూరంలో ఇన్ని కిలోలు, అంతే. చివరికి డాక్టరమ్మ విసుగును మింగేసి చీటీ మీద రాసిచ్చింది: కార్బోహైడ్రేట్లు రోజుకు నూట ముప్పై గ్రాముల లోపు. రెండు వారాలు పోయాక షుగర్ మీటరు రీడింగులు పట్టుకుని రావాలనీ, ఇప్పుడు వేసుకుంటున్న మాత్ర సంగతి అప్పుడు చూద్దామనీ కూడా చెప్పింది. ఆ చివరి మాట పైనక్క చెవిన పడిందో లేదో ఆమెకే తెలియదు.

పైనక్క అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. సైటులో పనిచేసే రెండొందల మందీ ఆమెను తలెత్తి చూడాల్సిందే కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. నలభై ఎనిమిది మీటర్ల నిచ్చెన ఎక్కి అద్దాల కేబిన్‌లో కూర్చుందంటే ఇక ఆ రోజుకు ఆమే రాణి. ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం. ఇప్పుడు ఆ కుర్చీకే ఎసరొచ్చింది. మూడు నెలల్లో ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. రక్తంలో చక్కెర మూడు నెలల సగటు ఆమెకు తొమ్మిదిన్నర వచ్చింది. కంపెనీ లెక్కలో అది ఎనిమిది దాటకూడదు. దాటితే స్టోర్‌లో కూర్చుని బోల్టులు లెక్కపెట్టుకోవాలి. యాభైకి దగ్గరపడ్డ ఆడమనిషిని ఒకసారి దింపాక మళ్ళీ పైకి ఎక్కనిచ్చే కంపెనీ ఎక్కడా లేదని ఆమెకు బాగా తెలుసు.

ఇంటికి రాగానే ఆ చీటీని వంటింటి అలమర తలుపుకు లోపలివైపు అంటించింది. కేబిన్‌లో లోడు పట్టికను కూడా అలాగే కళ్ళెదురుగా అంటించి ఉంచుతారు. ఆ పట్టిక గురించి రెండు ముక్కలు చెప్పాలి. క్రేన్ చెయ్యి మీద ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తొచ్చో అందులో ఉంటుంది. చివర్న ఒకటిన్నర టన్ను అని ఉంటే అంతకు మించకూడదు. టన్ను ఎత్తితే మంచిది, అర టన్ను ఎత్తితే ఇంకా మంచిది, ఖాళీ హుక్కుతో తిప్పితే ఎవరికీ ఏ భయమూ లేదు. బరువు తక్కువైనందుకు కూలిపోయిన క్రేన్‌ను ఆమె ఇంతవరకు చూడలేదు. మరి నూట ముప్పై లోపు అన్నాక నూట ముప్పై దాకా తినడం బుద్ధిమంతుల పనేనా? వంద కన్నా యాభై మేలు, యాభై కన్నా ఇరవై మేలు. ఇంకో కాగితం మీద ఇరవై అని పెద్ద అక్షరాలతో రాసి చీటీ పక్కనే అంటించింది.

ముందు గదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుట్టే భర్తకు ఇది మింగుడు పడలేదు. పొద్దున ఆరు కొట్టకముందే ఆమె పనికి వెళ్ళిపోతుంది కాబట్టి ఆ ఇంట్లో గరిటె ఆయన చేతిలోనే ఉంటుంది. ఇరవై గ్రాములంటే ఏమాత్రమో ఆయన తూచి చూశాడు. అరకప్పు అన్నంతోనే అయిపోయింది.

"గుడ్డ ఎక్కువుంటే లోపలికి మడిచి కుట్టొచ్చు. తక్కువ కత్తిరించామంటే ఏం చేస్తాం, నువ్వే చెప్పు," అన్నాడు.

"నేను చొక్కాను కాదండీ," అంది పైనక్క.

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదించి గెలిచినవాడు లేడు. పాతికేళ్ళ కాపురంలో ఆ సంగతి ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మర్నాటి నుంచి గుడ్లు, చేపలు, ఆకుకూరలు. ఒక్క గరిటెడు అన్నం మాత్రం ఆయన పట్టుబట్టి ఆమె కంచంలో పెట్టేవాడు, ఆమె అంతే పట్టుదలగా దాన్ని ఆయన కంచంలోకి తోసేసేది. ఆ నెలలో ఆయన రెండు కిలోలు పెరిగాడు.

మొదటి వారం నరకం. తలనొప్పి, చిరాకు, పక్కింట్లో రొట్టె కాలుస్తుంటే ఆ వాసనకు కళ్ళలో నీళ్ళు. రెండో వారానికి మీటరు మాట వినడం మొదలుపెట్టింది. పొద్దున్నే రెండొందల పది చూపించేది కాస్తా నూట యాభైకి, తర్వాత నూట ఇరవైకి దిగింది. పైనక్క ఉబ్బితబ్బిబ్బైపోయింది. డాక్టరమ్మ రమ్మన్న రోజున శ్లాబు పని పడింది, వెళ్ళలేదు. నిజం చెప్పాలంటే శ్లాబు లేకపోయినా వెళ్ళేది కాదు. అంకె దిగుతుంటే ఇక అడగడానికేముంది? మాత్రను మాత్రం పాత మోతాదులోనే రోజూ పొద్దున ఠంచనుగా వేసుకునేది.

మూడో వారంలో ఒక మంగళవారం, పదకొండు కావస్తోంది. హుక్కుకు టన్నుంపావు ఇనుప చువ్వల కట్ట వేలాడుతోంది. కింద సైగలు చూపించే పెద్దాయన వాకీటాకీలో దారి చెబుతున్నాడు. హుక్కుకు బరువు కట్టించేదీ, విప్పించేదీ, ఎటు తిప్పాలో చెప్పేదీ ఆయనే. పదకొండేళ్ళుగా కలిసి పనిచేస్తున్నారు. ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది, ఆయన ఆమెను అమ్మాయ్ అంటాడు. కుడివైపు తిప్పమన్నాడు. తిప్పబోతే లివరు మీదున్న చెయ్యి వణికింది. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఎదురుగా బరువు చూపించే తెర మీద అంకెలు అలుక్కుపోయాయి. తొమ్మిదో అంతస్తు మీద, ఆ కట్టను అందుకోవడానికి ఆరుగురు చేతులు చాచి నిలబడి ఉన్నారు. 

"బాబాయ్, ఆ మనుషుల్ని పక్కకు తప్పించు. కట్టను కింద పెట్టేస్తున్నా."

ఎందుకని ఆయన అడగలేదు. మనుషులు తప్పుకున్నారు. జానెడు జానెడు చొప్పున దింపి, తాడు వదులైందని ఆయన చెప్పాక గానీ ఆమె లివరు వదల్లేదు. బ్రేకు వేసి, వేలు గుచ్చి మీటరు చూసుకుంది. యాభై నాలుగు. కేబిన్‌లో ఉడికించిన గుడ్లు ఉన్నాయి గానీ చక్కెర అన్నది చిటికెడు లేదు. బిస్కెట్ ముక్క కూడా మిగలకుండా తనే ఊడ్చి పారేసింది. ఆమె సెల్‌ఫోన్‌లో సంగతి చెప్పగానే బాబాయి తన ఫ్లాస్కులోని తీపి టీని, ఆమె భోజనం పైకి పంపే సంచిలో పెట్టి తాడుకు కట్టాడు. నలభై ఎనిమిది మీటర్ల తాడును వణికే చేతులతో లాగుతున్నంతసేపూ ఆ ఆరుగురి ముఖాలే ఆమె కళ్ళలో మెదిలాయి. టీ తాగిన పావుగంటకు చేతుల్లోకి బలమొచ్చింది. అప్పుడు ఏడ్చింది.

దిగి వచ్చాక బాబాయి ఆమెను సిమెంటు బస్తాల చాటుకు తీసుకెళ్ళాడు. గాలి ఎక్కువైంది, అందుకే ఆపామని రాయిద్దామన్నాడు. గాలికి క్రేన్ ఆపడం ఎప్పుడూ ఉండేదే, దాని మీద ఎవరూ ఆరా తీయరు. పరీక్ష దాకా ఎలాగో నెట్టుకొస్తే ఆ తర్వాత చూసుకోవచ్చన్నాడు. పైనక్కకు ఆశ పుట్టలేదంటే అబద్ధం. సేఫ్టీ ఆఫీసర్ గది గుమ్మం దాకా గాలి అన్న మాటనే నోట్లో పెట్టుకుని వెళ్ళింది. ఆయన కలం తీసి, ఎందుకు ఆగిందని అడిగాడు.

"గాలి కాదు సార్. నాకు షుగర్ పడిపోయింది, హుక్కుకు లోడు ఉండగా," అంది.

ఆయనకు ఆమె కొడుకంత వయసుంటుంది.  పరీక్ష అయ్యేదాకా కేబిన్ ఎక్కవద్దని అక్కడికక్కడే రాసేశాడు. మర్నాడు ఇంకో ఆపరేటర్ వచ్చాడు, పైనక్క స్టోర్‌లో బోల్టుల ముందు కూర్చుంది. చేసింది సరైన పనేనని తెలిసినా, తన క్రేన్ వేరొకడి చేతిలో తిరుగుతుంటే ఆమె బోల్టుల లెక్క మాటిమాటికీ తప్పింది.

డాక్టరమ్మ ఇరవై అన్న మాట వినగానే కుర్చీలో వెనక్కి వాలింది. తక్కువైతే ప్రమాదం లేదనుకున్నానంది పైనక్క. డాక్టరమ్మ కోప్పడలేదు. ఆ మాత్ర, మనిషి తిన్నా తినకపోయినా చక్కెరను కిందికి లాగుతూనే ఉంటుందని చెప్పింది. మాత్ర, నిచ్చెన ఎక్కడం, ఇలా లాగేవి రెండు పెట్టుకుని, నిలబెట్టే తిండిని లేకుండా చేసుకున్నారంది. ఇంతగా కోసేస్తారని ఊహించి ముందే హెచ్చరించాల్సింది, తప్పు తనది కూడా అంది. పైనక్కకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎక్కువ తింటే కుర్చీ పోతుంది, తక్కువ తింటే ఎవరి ప్రాణమో పోతుంది.

"మధ్యలో ఎక్కడుండాలో ఆ అంకె చెప్పండి మేడమ్. చచ్చినా తప్పను," అంది.

"అది నాకూ తెలియదు, మీకూ తెలియదు. వెతకాలి," అంది డాక్టరమ్మ.

ఇంటికి నడుస్తూ పైనక్క ఆ మాటనే నెమరువేసుకుంది. లోడు పట్టికను క్రేన్ తయారుచేసినవాళ్ళు ఇస్తారు. దాని మీద ఆ ఒక్క క్రేన్ నంబరే ఉంటుంది, పక్క క్రేన్‌కు అది పనికిరాదు. ఆమె ఒంటికి మాత్రం అలాంటి పట్టిక ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వకపోతే తయారు చేసుకోవాలి, అంతేగా అనుకుంది. అలమర తలుపు మీది ఇరవైని చింపేసింది.

డాక్టరమ్మ మాత్రను సగం చేసి, వందతో మొదలుపెట్టమంది. వారం వారం రమ్మంది, ఈసారి పైనక్క ఒక్క వారం తప్పలేదు. వంటింట్లో తూచే పని భర్తది. ముందు వదులుగా కుట్టి, తొడిగి చూసి, ఆ తర్వాతే గట్టి కుట్టు వేస్తామని ఆయన చెబుతుంటే ఈసారి ఆమె నోరెత్తలేదు. తినకముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి వేలు గుచ్చుకునేది. వేళ్ళు జల్లెడయ్యాయి. అంతే అన్నం పొద్దున తింటే మీటరు ఒకలా అంటుంది, మధ్యాహ్నం తింటే ఇంకోలా అంటుంది. ఎక్కడం దిగడంలో ఎంత చక్కెర ఖర్చవుతుందో తేలాలని, స్టోర్ పని కాగానే సైటులో పన్నెండు అంతస్తుల మెట్లూ ఎక్కేది. పడిపోతుందేమోనని బాబాయి రొప్పుతూ వెనకాలే ఎక్కేవాడు.

వంద దగ్గర సగటు దిగే సూచన కనబడలేదు. అరవై దగ్గర ఏడో అంతస్తుకే కాళ్ళు తేలిపోయాయి. డెబ్భై అయిదు దగ్గర పొద్దున అంతా బాగానే ఉండి పదకొండింటికి నీరసం వచ్చేది. అన్నం మానేసి బ్రెడ్డు, బ్రెడ్డు మానేసి పప్పులు, పళ్ళు తినే వేళ మార్చి, ఇలా అయిదు వారాలు పట్టింది. దొరికిన అంకె ఎనభై అయిదు. నిచ్చెన ఎక్కేముందు ముప్పై, పదకొండింటికి పదిహేను, మధ్యాహ్నం పాతిక, సాయంత్రం పదిహేను. ఆ పదకొండింటి పదిహేను లేకపోతే మిగతా లెక్కంతా బూడిదలో పోసిన పన్నీరే. వరుసగా మూడు వారాలు మీటరు ఒక్కసారి కూడా గీత దాటలేదు, ఒక్కసారి కూడా కింద పడలేదు.

పరీక్షలో సగటు ఏడున్నర వచ్చింది. సేఫ్టీ ఆఫీసర్ నవ్వుతూ సంతకం పెట్టబోయాడు. పైనక్క ఆయన్ని ఆపి, రోజూ పదకొండింటికి పది నిమిషాలు క్రేన్ ఆపాలని చెప్పింది. ఆయన నవ్వు పోయింది. పై అధికారులు ఒప్పుకోరన్నాడు, పని చేస్తూనే రెండు ముక్కలు నోట్లో వేసుకోవచ్చు కదా అన్నాడు.

"ఒక చేత్తో మీటరు, ఒక చేత్తో లివరు పట్టుకుని మీ నెత్తి మీద టన్నుంపావు తిప్పమంటారా సార్? ఆపడం కుదరదంటే చెప్పండి, నేను ఎక్కను. బోల్టులు లెక్కపెట్టుకుంటా."

 నిజంగానే సరే, లెక్కపెట్టుకో అంటాడేమోనని ఆమెకు లోపల భయం. ఆయన కిటికీలోంచి క్రేన్ వైపు చూశాడు. తర్వాత ఆ పది నిమిషాలను కూడా కాగితం మీద రాసి, సంతకం పెట్టాడు.

మొదటి రోజు పదకొండింటికి హుక్కు ఖాళీ చేయించి, బ్రేకు వేసి, వేలు గుచ్చుకుంది. వాకీటాకీలో మాట్లాడితే మేస్త్రీల నుంచి గేటు కాపలావాడి దాకా అందరూ వింటారు. తన ఒంట్లో సంగతి ఇంతమందికీ తెలియాలా అని ఒక్క క్షణం సిగ్గుపడింది. కింద నిలబడేది వాళ్ళే కదా అనుకుని మీట నొక్కింది.

"పదకొండైంది. తొంభై ఆరు ఉంది. తింటున్నా. పది నిమిషాలు హుక్కు కదలదు."

కింద పని ఆగింది. ఎవరూ నవ్వలేదు. ఆమె బ్రెడ్డు ముక్క సగం తిన్నాక వాకీటాకీలో బాబాయి గొంతు వచ్చింది. 

"అమ్మాయ్. నాది రెండొందల ఎనభై. నిన్న మందుల షాపులో చూశారు. రెండేళ్ళ నుంచీ ఉంది, ఎవరికీ చెప్పలేదు. ఈ మధ్య కళ్ళు మసకేస్తున్నాయి. నేను కూడా నీలాగే ఎనభై అయిదు తింటే సరిపోతుందా?"

పైనక్క బ్రెడ్డు పక్కన పెట్టి అద్దంలోంచి కిందికి చూసింది. ఆయన తల పైకెత్తి నిలబడి ఉన్నాడు. ఈ రెండేళ్ళలో ఆయన మాట మీద ఎన్ని టన్నులు ఎన్ని తలల మీదుగా తిప్పిందో తలుచుకుంటే ఆమెకు కోపం వచ్చింది, అంతకు మించి జాలేసింది.

"అది నా అంకె బాబాయ్, నీకు పనికిరాదు," అంది, సైటంతా వింటుండగానే. "నీది మనం వెతుకుదాం. సాయంత్రం నేను దిగగానే డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం. అంతదాకా నా హుక్కు కింద నువ్వు నిలబడొద్దు. వేరేవాళ్ళను పెట్టు."

 బాబాయి వాకీటాకీని పక్కనున్నవాడి చేతిలో పెట్టి, చేతులు తుడుచుకుంటూ సేఫ్టీ ఆఫీసర్ గది వైపు నడిచాడు.