గంజి దొడ్డి గుమాస్తా తల్లి

కర్నూలు రాజధాని అయిన రెండో ఏడు అది. గిద్దలూరు డేరాలో ‘గంజి దొడ్డి’ నాటకం మొదలై నాలుగు నెలలు దాటింది. తాతల నాటి కరువులో సర్కారు గంజి పోసిన దొడ్ల మీద ఎవరో పెద్దాయన రాసిన నవలకు పద్యాలూ పాటలూ కట్టి ఆడుతున్నారు. చూసినవాళ్ళే మళ్ళీ బండ్లు కట్టుకుని వస్తున్నారు. చివరి అంకంలో, చంకలో బిడ్డతో ఒక తల్లి గంజి కోసం దొడ్డి గుమాస్తా కాళ్ళ మీద పడుతుంది. పేర్ల పట్టీలో లేవు పొమ్మంటాడతను. అప్పుడామె పాడే పాటకు రోజూ రెండుసార్లైనా ‘వన్స్ మోర్’ పడాల్సిందే.

గుమాస్తా వేషగాడికి గొంతు పోవడంతో ఆ వేషం వారంగా మాల్యాద్రి వేస్తున్నాడు. మొన్నటిదాకా అదే డేరాకు గుంజలు పాతినవాడు, గొర్రెల బాలయ్య కొడుకు. “ఈ పూట చూసి, వేషం నీకే ఉంచాలో, నంద్యాల నుంచి ఇంకొకణ్ణి పిలిపించాలో తేలుస్తా” అన్నాడు యజమాని వెంకటసుబ్బయ్య. అందుకే మాల్యాద్రి ఊరి నుంచి అమ్మనూ నాయననూ పిలిపించుకున్నాడు.

“అమ్మా, నువ్వు గమ్మున కూసో. మందలో కేకేసినట్ల కేకెయ్యొద్దు” అని ముందే చెప్పాడు.

“నేనేంది కేకేసేది? మీ నాయనకు చెప్పు. చెన్నకేశవుని గుళ్ళోనే గురక పెట్టినాడు” అంది పుల్లమ్మ.

“గురక కాదే, ధ్యానం” అన్నాడు బాలయ్య.

పుల్లమ్మ ఒడిలో చిన్న గుడ్డమూట ఉంది. వాళ్ళ ఇంట సంగటి దించగానే మొదటి ముద్ద పక్కన పెడతారు. ఆకలన్నవాళ్ళెవరైనా వస్తే అది వాళ్ళది. ఆ కరువులో పసిపిల్లగా గంజికి నిలబడిన అత్తగారు పెట్టిన పద్ధతి అది. ఈ రోజు గడపలోకి ఎవరూ రాలేదు. దారిలోనైనా తగులుతారని ముద్దను మూటగట్టి తెచ్చింది.

తెర లేచింది. చివరి అంకంలో తలపాగాతో మాల్యాద్రి కనబడగానే పుల్లమ్మ పక్కనున్న గాజుల కమ్రున్నీసాను మోచేత్తో పొడిచింది.

“నా కొడుకు!”

“నీ కొడుకా అత్తా? దయలేని మొగం భలే పెట్టినాడే!”

తల్లి వేషంలో ఉన్న సావిత్రమ్మ వచ్చి అతని కాళ్ళ మీద పడింది. మాల్యాద్రి కాలు వెనక్కి లాక్కున్నాడు. పట్టీ తిరగేసి, “పేరు లేదు, పో” అన్నాడు. బిడ్డ కోసమని ఆమె కొంగు పట్టింది. అతను మొహం తిప్పుకున్నాడు.

పుల్లమ్మ కళ్ళకు డేరా కనిపించలేదు. గంజి దొడ్డి ముందు నిలబడిన తన అత్త కనిపించింది. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు స్టేజీ మెట్లెక్కిందో ఆమెకే తెలియదు.

“ఒరేయ్ మాల్యాద్రీ! ఎవురింట్లో పుట్టినావురా నువ్వు? ఆకలన్న తల్లిని పొమ్మంటావా? పొయ్యరా ఆమెకు గంజి!”

హార్మోనియం ఆగిపోయింది. తెర పక్క నుంచి వెంకటసుబ్బయ్య చూస్తున్నాడు. మాల్యాద్రి అటు ఒకసారి చూశాడు. అమ్మా అంటే వేషం పోతుంది. పట్టీ మళ్ళీ ఎత్తాడు.

“ఎవురీ ముసల్ది? నీ పేరుందా ఇందులో? లేకుంటే నువ్వూ పో!”

ఆ గొంతు తన కొడుకుది కాదు. పుల్లమ్మకు అప్పుడు తెలివొచ్చింది. బాలయ్య వచ్చి చెయ్యి పట్టి కిందికి దింపాడు. సావిత్రమ్మ పాట ఎత్తుకుంది. ఆ పూట వన్స్ మోర్ మూడుసార్లు పడింది.

ఆట అయ్యాక వెంకటసుబ్బయ్యే వాళ్ళ దగ్గరికి వచ్చాడు. “కన్నతల్లే నమ్మిందంటే ఇంకేం కావాల? ఆ వేషం నీదేరా.”

పుల్లమ్మ మనసు పొంగింది. అయినా ఒక ముల్లు మిగిలింది.

“ఏమయ్యా, ఆటలోనైనా ఆకలన్నవాళ్ళను పొమ్మంటే దోషం తగలదా?” అని మొగుణ్ణి అడిగింది.

“ఆటేదో నిజమేదో స్వామికి తెలీదా? తెలుస్తాదనుకుంటా. నేనేం అడిగొచ్చినానా?” అన్నాడు బాలయ్య.

పుల్లమ్మకు ‘అనుకుంటా’ అనే మాట చాల్లేదు. మూట విప్పి ముద్దను కొడుకు చేతిలో పెట్టింది.

“ఆ తల్లికి నీ చేత్తో పెట్టు. రేపట్నుంచి రంగు పూసుకోకముందే ఒక ముద్ద పెట్టాల. పెట్టినాక ఎంతన్నా పొమ్మను.”

“రోజూనా?”

“ఆట ఆడినన్నాళ్ళు.”

పక్కనే ఉన్న సావిత్రమ్మ చెయ్యి చాపి నవ్వింది. “ఉప్పు తక్కువైతే స్టేజీ మీదనే చెప్తా గుమాస్తా!”

డేరా ఇంకో మూడు నెలలు నడిచింది. ఆ మూడు నెలలూ సావిత్రమ్మకు రోజూ ముద్ద అందింది, పాటకు వన్స్ మోర్ తగ్గలేదు. పుల్లమ్మ ఇంకో నాలుగుసార్లు వచ్చింది. మళ్ళీ లేవలేదు. గుమాస్తా పట్టీ ఎత్తే వేళకు మాత్రం, పక్కన ఎవరుంటే వాళ్ళను మోచేత్తో పొడిచేది.

“నా కొడుకు. ఎంత బాగా పొమ్మంటాడో చూడు.”