కళ్లంలో పార్లమెంటు

కోటబొమ్మాళి హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన భీమశంకరరావు మేస్టారికి, అరవై ఏడో ఏట, దేశ రాజధానిని మార్చక తప్పదని తోచింది. ఢిల్లీ సరిహద్దుకు మరీ దగ్గర. కలకత్తా కూడా అంతే. బొంబాయి సముద్రం ఒడ్డున పడింది. మద్రాసు వాళ్లకి హిందీ పడదు. నాగపూర్లో ఎండలకు తాళలేక ఆయన బావమరిది ఉద్యోగమే వదిలేసి వచ్చాడు. ఇలా ఒక్కో ఊరూ కొట్టేసుకుంటూ పోతే చివరికి కోటబొమ్మాళి మిగిలింది. పటంలో ఆ ఊరు లేదు. మేస్టారే పెన్సిలుతో చుక్క పెట్టుకున్నాడు.

సంగతి ముందుగా బెల్లం వర్తకుడు జగన్నాధానికి చెప్పాడు.

"ప్రతి దేశానికీ గుండెకాయలాంటి ప్రాంతం ఒకటుంటుంది జగన్నాధం. డబ్బూ, అధికారం, భాషా, మర్యాదలూ అక్కడ పుట్టి నలుదిక్కులకీ పారతాయి. మనం అంచున పడ్డాం."

"అంచైతే నష్టవేటండీ? సీరకి అంచే కదా అందం!"

"నేల మీద ఈడ్చుకుపోయేదీ అదే."

జగన్నాధం పద్దు పుస్తకం తెరిచాడు. "రాజధానంటే ఎంతమంది తింటారండి?"

"లక్షల్లో."

"బెల్లం తింటారా?"

"మన ఊరొచ్చాక మన తిండే నాగరికత. తినక ఛస్తారా?"

ఆ మాటతో జగన్నాధం కమిటీ వేసేశాడు. తన బెల్లం గొడౌనును దేశ ఖజానాగా ప్రకటించి, చీమలు పట్టకుండా మనిషిని కాపలా పెట్టాడు. రైసుమిల్లు సుప్రీం కోర్టయింది. ఇక దేశమంతా మన యాసే మాట్లాడాలి కాబట్టి అది పాడవకూడదన్నాడు మేస్టారు. ముప్పై ఏళ్లు 'చెప్పు' అనమని పిల్లల్ని కొట్టిన మనిషి, ఇప్పుడు వీధిలో 'చెప్పు' అన్నవాణ్ణి నిలబెట్టి 'సెప్పు' అనిపించేవాడు.

పార్లమెంటుకు గుండ్రంటి చోటు కావాలి. గుండ్రంగా, చదునుగా, పేడతో అలికి సిద్ధంగా ఉన్నది రైలు స్టేషను పక్కనున్న సోములు కళ్లం ఒక్కటే. కమిటీ వెళ్లేసరికి సోములు భార్య అసిరమ్మ పొలంలో ఉంది. ఇంట్లో సోములు ఒక్కడే దొరికాడు. కళ్లం ఇస్తే ఆహార మంత్రి పదవి ఇస్తామన్నారు. సోములు వెంటనే ఒప్పుకున్నాడు.

మర్నాటి నుంచి పొలం వైపు చూడటం మానేశాడు.

"ఏటి మావా, కోతకి రావా?" అంది అసిరమ్మ, కొడవలి చేత్తో పట్టుకుని.

"ఆహార మంత్రి కోతకెల్తే దేశం నవ్వుతాదే."

"మరి అంబలి తాగుతావా?"

"తాగుతాను. అది నా శాఖే కదేటి."

అసిరమ్మ కొడవలి నడుముకు దోపుకుంది. అక్క కొడుకుల్ని పిలిచి కోత కోయించింది. పనలు కట్టించి బళ్లకెత్తించింది. ఆ బళ్లు కళ్లానికి చేరిన పొద్దునే పార్లమెంటు మొదటి సమావేశం. జెండా పాతారు. సభ్యులు కళ్లం మధ్య నిలబడి జాతీయ భాష గురించి వాదించుకుంటున్నారు.

"అమ్మా, సభ జరుగుతోంది," అన్నాడు మేస్టారు.

"జరగనీండి బాబూ. నేనేటి వద్దన్నానా? నా వడ్లు రాలితే నాకు సాలు."

వాళ్ల కాళ్ల చుట్టూ పనలు విప్పి పరిచింది. మధ్యలో రాట పాతి ఎద్దుల్ని తిప్పడం మొదలెట్టింది. సభ్యులు బయటికి పోతే సభ రద్దయిపోతుందని మేస్టారు హెచ్చరించాడు. అందుకని ఎవరూ కదల్లేదు. ఎద్దులు మీదికొస్తుంటే వాటి ముందు నడవక మాత్రం తప్పలేదు. నడుస్తూనే మాట్లాడుకున్నారు. భాష సంగతి వచ్చినప్పుడు అడుగులు జోరందుకున్నాయి, పన్నుల దగ్గర నెమ్మదించాయి.

కాసేపటికి అసిరమ్మ వంగి గడ్డి తిరగేసి చూసింది. ఎద్దులు తొక్కినదాని కన్నా సభ్యులు తొక్కినచోటే గింజ బాగా రాలింది. ఆమె ఎద్దుల్ని విప్పి నీడన కట్టేసి గడ్డి వేసింది. ఆ సంగతి సభలో ఎవరూ గమనించలేదు. చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

అంతలో సోములు ఇస్త్రీ పంచె కట్టుకుని ప్రమాణ స్వీకారానికి వచ్చాడు.

"ఓ మావా, నువ్వు లోపలి సుట్టులో నడు. అక్కడ సరిగ్గా రాలనేదు," అంది అసిరమ్మ.

సోములు పంచె ఎగ్గట్టి నడిచాడు. మేస్టారి అరికాళ్లు మండిపోతున్నాయి. అయినా రిటైరయ్యాక తన మాట ఇంతసేపు విన్నవాళ్లు లేరు. పక్కవాడి భుజం పట్టుకుని ఉత్సాహంగా అడుగేశాడు.

పొద్దు వాలకముందే కళింగపట్నం వైపు నుంచి నల్లటి మబ్బు లేచింది. సభ వాయిదా అని ఎవరూ అనలేదు. నూర్చిన వడ్లు తడిస్తే ఏమవుతుందో అక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒకడు పోగు చేశాడు, ఒకడు బస్తాకెత్తాడు. జగన్నాధం పరుగున పోయి ఖజానా తలుపులు తీశాడు. చివరి బస్తా లోపల పడేసరికి వాన కుండపోతగా కురిసింది.

బెల్లం దిమ్మలకీ వడ్ల బస్తాలకీ మధ్య ఇరుక్కుని, వడ్ల నూగుకి ఒళ్లంతా గోక్కుంటూ, జగన్నాధమే నోరు విప్పాడు.

"మేస్టారూ, పంట రోజుల్లో రాజధాని మనకి కుదరదండి. ఇలాటప్పుడు ప్రధానమంత్రమ్మగారొస్తే ఎవడు సూస్తాడు?"

"ఆవిడొస్తే తూర్పారకి సాయం పడతాది కదా," అంది అసిరమ్మ.

ఓట్లు వేశారు. రాజధానిని తీసుకోవడం ప్రస్తుతానికి మానుకోవాలని తీర్మానం నెగ్గింది. మేస్టారు కూడా చెయ్యెత్తాడు. చెయ్యి దించాక ఆయనకి కాస్త ఏడుపొచ్చింది కానీ, చెమటకి తడిసిన మొహంలో ఎవరికీ తెలియలేదు.

ఇంటికెళ్తే భార్య భాగ్యవతి వేడినీళ్లు తోడింది. వీపు రుద్దుతూ అడిగింది.

"రాజధాని ఏమైందండీ?"

"మినుములు ఇంటికొచ్చేదాకా ఢిల్లీలోనే ఉండనిచ్చాం."

"ఆ మాట వాళ్లకి చెప్పారా?"

మేస్టారు నీళ్ల చెంబు కింద పెట్టేశాడు. ఆ ఆలోచనే ఎవరికీ రాలేదు.

"అయ్యో పాపం," అంది భాగ్యవతి. "సామాన్లు సర్దేసుకున్నారేమో."

మేస్టారు తల తుడుచుకోకుండానే చొక్కా తొడుక్కుని, గొడుగు కోసం వెతక్కుండా, టెలిగ్రాం ఇవ్వడానికి వానలో పోస్టాఫీసుకి పరిగెత్తాడు.