అడగకుండా రాసిన మాట

అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఆమెను అందరూ ప్రూఫులక్క అనేవారు. పదేళ్ల వయసులో జ్వరం తగిలి చెవులు పోయాయి. అప్పటినుంచి ఎదుటివాళ్ల పెదవుల మీదే మాటలు చదువుకుంటూ నలభై ఏళ్లు నెట్టుకొచ్చింది. మహమ్మారి సోకి ఆసుపత్రిలో చేరాక మాత్రం ఊపిరాడకపోవడం కంటే పెద్ద కష్టం వచ్చిపడింది. వార్డులోకి వచ్చేవాళ్లలో ఒక్కరికీ మూతి లేదు! అందరికీ మాస్కులే.

నర్సు వచ్చి ఏదో అడిగేది. ఈమె చెవి చూపించి చెయ్యి ఊపేది. తలనొప్పి కాబోలనుకుని నర్సు మాత్ర ఇచ్చిపోయేది. నోరు తెరిచి చెబుదామంటే దగ్గు తెర. చెల్లెల్ని గుమ్మం దాటి రానివ్వరు. ఫోను బట్టలతోపాటు మూటగట్టి ఎక్కడ పెట్టారో! కదిలే ప్రతి మాస్కునూ చూస్తూ, మంచం మీద ఒక్కచోట కుదురుగా పడుకోలేకపోయేది.

మూడోరోజు పొద్దున డాక్టరు వచ్చి ఏదో అడిగాడు. మాస్కు ఉబ్బింది, అణిగింది. మళ్లీ అడిగాడు. ఆమె అయోమయంగా చూసింది. అతను ఫైలు తెరిచి రాయసాగాడు. తలకిందుల అక్షరాలు చదవడం ప్రూఫులక్కకు మంచినీళ్లు తాగినంత పని.

'అడిగినదానికి బదులు లేదు. మతి స్థిమితంగా లేదు. విషమిస్తే వెంటిలేటర్ వద్దు.'

వద్దని ఎవరన్నారు? చేతికున్న సెలైన్ గొట్టం లాగుతున్నా లెక్కచేయక లేచి, అతని పెన్ను లాక్కుంది. 'వద్దు' మీద అడ్డంగా గీత కొట్టి, అంచున రాసింది: 'చెవుడు. మతి బాగానే ఉంది. కావాలి.'

డాక్టరు ఆ ముక్కలు చదివి, పెన్ను తీసుకుని కింద రాశాడు: 'క్షమించండమ్మా. రెండు రోజులుగా నిద్ర లేదు.'

"మీకు నిద్ర లేకపోతే నా ప్రాణం తీస్తారా?" అంది. గొంతు ఎంత పెద్దగా వచ్చిందో ఆమెకు తెలియదు గాని, అవతలి మూల నర్సు చేతిలో ట్రే జారబోయింది.

డాక్టరు రాసినదంతా కొట్టేసి, ఒక్కొక్క ప్రశ్నా రాసి అడిగి, జవాబులు రాసుకున్నాడు. అయినా ఆమెకు నిలకడ చిక్కలేదు. పక్క మంచం మీది పెద్దావిడ రోజంతా దుప్పటి నలుపుతూ పైకప్పు కేసి చూస్తుంటుంది.

"ఆవిడనైనా అడిగారా?"

అతను ఆవిడ ఫైలు తెరిచి చూశాడు. మూసేశాడు. స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. పెద్దావిడకు ముక్కులో సన్న గొట్టమే, పెదవులు కనబడుతున్నాయి. మూడు రోజుల్లో మొదటిసారి ప్రూఫులక్క ఒక మనిషి మాట చదవగలిగింది.

"నాకా యంత్రాలొద్దు నాయనా. మా అబ్బాయిని ఒక్కసారి చూపించు."

ఆ మధ్యాహ్నమే కొడుకును నిలువెల్లా ముసుగు తొడిగి లోపలికి పంపారు. నాలుగోరోజున పెద్దావిడ పోయింది. ప్రూఫులక్కకు వెంటిలేటర్ అవసరం పడలేదు. పన్నెండో రోజున ఇంటికి చేరింది. చెల్లెలు పక్క వేసి, "ఇక హాయిగా పడుకో అక్కా" అంది. ఆమె పడుకోలేదు, ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఆ వార్డులో ఇరవై రెండు మంచాలు. తను చదివింది ఒక్క ఫైలే.