కలలో కనిపించినవాడు

మిండా నుదుటికి తెల్లదారం కట్టుకుని పదిహేడు రోజులైంది. దారం కట్టుకున్నవాళ్ళు నవ్వకూడదు, ఆటపాటల్లో కలవకూడదు, తెల్లవారకముందే అడవిలోకి పోయి దేవుణ్ణి వెతకాలి. వెతగ్గా వెతగ్గా కలలో ఒక మనిషి కనిపిస్తాడు. అతనే గురువు. రోజూ ఆమె మనసులో ఉన్నదంతా విని, ‘ఈమె ఆత్మ గట్టెక్కింది’ అని అతను అంటేనే సముద్రపు పాయలో పోటు తగ్గి నీళ్ళు వెనక్కి తీసే వేళ బాప్తిస్మం, ఆ పైన ప్రార్థన ఇంట్లో చోటు. అమెరికా దక్షిణ తీరాన ఈ సెయింట్ హెలీనా దీవిలో, మనుషుల్ని బానిసలుగా కొనుక్కున్న దొరల కాలం నుంచీ ఇదే పద్ధతి. ఉత్తరాది సైన్యం ఫిరంగుల మోతకి దొరలు పడవలెక్కి పారిపోయి నాలుగేళ్ళయింది, కొరడాలు పోయాయి. పద్ధతి మాత్రం పోలేదు.

ప్రార్థన ఇంట్లో చోటు లేని మనిషి మాటకి ఊళ్ళో విలువ లేదు. తగువొస్తే తీర్చేదీ లోపలివాళ్ళే, చస్తే పాటలు పాడుతూ మోసేదీ వాళ్ళే. ముప్పై నాలుగేళ్ళొచ్చినా మిండా ఇంకా గుమ్మం బయట నిలబడే ఆ పాటలు వింటోంది. ఈ ఆదివారం దాటితే మళ్ళీ వసంతం దాకా బాప్తిస్మం లేదు. ఆమెకి ఆ చోటు తిండికన్నా ఎక్కువగా కావాలి.

పదిహేడో రోజున కల వచ్చింది. కలలో వచ్చినవాడు బ్రిస్టల్.

బ్రిస్టల్ దొర దగ్గర పత్తిచేల మేస్త్రీగా చేశాడు. మనలో మనిషే, మన రంగే, చేతిలో కొరడా మాత్రం దొరది. తొమ్మిదేళ్ళ కిందట, ఏడో నెల కడుపుతో ఉన్న మిండా తన వంతు చేను తవ్వడం పూర్తి చెయ్యలేదని, పొట్ట ఆనడానికి ఇసుకలో గుంట తీసి, బోర్లా పడుకోబెట్టి కొట్టాడు. బిడ్డ దక్కలేదు. స్వేచ్ఛ వచ్చాక ఊరు అతన్ని ఏమీ చెయ్యలేదు, పలకరించడం మానేసిందంతే. అది చాలా తక్కువ శిక్ష అని మిండా ఉద్దేశం. చాలామంది ఉద్దేశమూ అదే.

ప్రార్థన ఇంటికి పెద్ద హేగర్ పెద్దమ్మ. ఆ పొద్దున చిలగడదుంపలు తవ్వుతూ అడిగింది.

“ఎవరు కనబడ్డారే?”

“మండే మామ,” అంది మిండా కన్నార్పకుండా.

పెద్దమ్మకి ఆశ్చర్యమేమీ కలగలేదు. బుట్టలల్లే మండే ఎవర్నీ కష్టపెట్టే రకం కాదు కాబట్టి ఊళ్ళో సగంమంది కలల్లోకి అతనే వస్తుంటాడు.

“కలలో నేనేం చేస్తున్నానమ్మా?” అన్నాడు మండే, తన గుడిసెకి వచ్చిన మిండాతో, బుట్ట అల్లుతూనే.

మిండా మనిషిని మార్చింది కానీ, కలలో మిగతాది మార్చడానికి భయపడింది. “మోకాళ్ళ మీద కూచుని చేతుల్తో ఇసక గుంట పూడుస్తున్నావు మామా. ఎంత పోసినా నిండట్లేదు.”

మండే చేతులు ఆగిపోయాయి. “నేనెవరికీ గుంట తియ్యలేదే. నేనెందుకు పూడుస్తాను?”

ఆ గుంట ఎవరు తీశాడో ఊరందరికీ తెలుసు.

“తీసినవాడి దగ్గరికే పో, తల్లీ.”

“చచ్చినా పోను.”

“పోకపోతే మానెయ్. దారం విప్పెయ్. దొంగ కల చెప్పి నీళ్ళలో దిగితే తడుస్తావు, అంతే.”

ఆ రోజంతా మిండా దారం ముడి మీద చెయ్యి వేస్తూ, తీస్తూ గడిపింది. మర్నాడు పొద్దున్నే పాయ ఒడ్డుకి నడిచింది. బ్రిస్టల్ గుడిసె ముందు నిలబడి వల బాగుచేసుకుంటున్నాడు.

“కల్లో నువ్వొచ్చావు,” అంది.

“ఎగతాళికొచ్చావా?”

“దారం కట్టుకుని ఎగతాళి చేస్తారా?”

అతను దారం చూశాడు. వల చేతిలోంచి జారింది.

“ఇంకోడి పేరు చెప్పుకో. మండే పేరు చెప్పు.”

“చెప్పాను. ఒప్పుకోలేదు.”

బ్రిస్టల్ గబగబా టోపీ అందుకున్నాడు. “సరే, అయిపోయింది. నీ ఆత్మ గట్టెక్కిందని హేగర్‌తో ఇప్పుడే చెప్పేస్తా. ఆదివారం నీళ్ళలో దిగు. నువ్వు నాకేం చెప్పక్కర్లేదు.”

మిండాకి కావలసిందంతా ఆ ఒక్క మాటలో ఉంది. గురువు మాటకి ఊళ్ళో ఎదురు లేదు. ఊరుకుంటే చాలు, ఆదివారానికి ఆమె లోపలిదైపోతుంది. ఊరుకుందామనే అనుకుంది కూడా. కానీ అతను అప్పుడే ఊరివైపు అడుగేశాడు. వీడు ఇవ్వడం లేదు, తప్పించుకుంటున్నాడు అని అర్థమైంది. ఒళ్ళు మండిపోయింది.

“గురువు విన్నాక కదా ఆ మాట అనాలి. నువ్వేం విన్నావని?”

“నాకు తెలుసు. నేనూ అక్కడే ఉన్నాగా.”

“నువ్వు పైనున్నావు. కింద నేనేం విన్నానో నీకేం తెలుసు?”

“ఆదివారం లోపల అయిపోతుందా?” అన్నాడతను మెల్లగా.

“అవదు. వసంతం దాకా పట్టనీ. రోజూ వస్తా.”

“మిండా...”

“కూర్చో.”

బ్రిస్టల్ టోపీ పక్కన పెట్టి ఇసుకలో కూర్చున్నాడు. మిండా నిలబడే ఉంది.

“ఆడపిల్ల,” అని మొదలుపెట్టింది.