కోహినూర్ నమూనా

చంద్రగిరి కోటలో గైడుగా ముప్పై ఏళ్లు పనిచేసిన ఎల్లప్ప, వచ్చినవాళ్లందరికీ కోహినూర్ కథ చెప్పేవాడు. దాన్ని ఎన్నడూ చూడలేదు. తిరుపతి ప్రదర్శనలో రాజుల వజ్రాలకు గాజు నమూనాలు పెట్టారని తెలిసేసరికి, షుగరు జబ్బు ఆయన చూపును పూర్తిగా తీసేసింది. అయినా కూతురు కోమలిని వెంటబెట్టుకుని వెళ్లాడు.

"ఎట్లుండాదో చెప్పమ్మా."

"కోడిగుడ్డులో సగమంతే ఉండాది నాయనా."

"లండన్‌లో సానబట్టి చిన్నది చేసినారులే. మెరుస్తాండాదా?"

"గాజు గదా నాయనా, అంతంతే."

ఎల్లప్ప అద్దాల పెట్టె మీద చెయ్యి ఆనించాడు.

"ఇన్నేండ్లు చూసినోడి మాదిరి చెప్పినాను. రెండేండ్ల ముందు పెట్టింటే ఈ గాజన్నా చూసుంటిని," అన్నాడు.

కోమలి ఆయన చెయ్యి పట్టుకుని పక్క వజ్రం దగ్గరికి నడిపించింది.