చిరాగ్‌పల్లి హోటల్లో ఫైసలా

చిరాగ్‌పల్లి హైవే పక్కన చాయ్ హోటల్ నడిపే అజ్మత్ బీ, పొద్దున్నే స్టవ్ వెలిగించి టీవీ పెడుతుంది. వార్తల్లో ఉన్నవాళ్లకు దాహమైతే టీవీలోంచి కిందికి దిగి చాయ్ తాగి పోతుంటారు. మొన్న వానకబురు చెప్పే అమ్మాయి వచ్చి రెండు ఉస్మానియా బిస్కెట్లు కూడా తిన్నది.

ఆ మంగళవారం ఇద్దరు దిగారు. ఒకాయన ఛాతీ నిండా పతకాలున్న జనరల్. ఇంకొకాయన నల్లద్దాల తిరుగుబాటు నాయకుడు. సముద్రం అవతలి దేశంలో వీళ్ల సైన్యాలు ఒకే ఊరి కోసం కొట్టుకుంటున్నాయి. అక్కడ క్రేన్ నడపడానికి పోయిన అజ్మత్ బీ తమ్ముడు జబ్బార్, ఎయిర్‌పోర్టు మూతబడి ఒక గోదాములో చిక్కుకుపోయాడు.

ఆమె ఇద్దరికీ చాయ్ పోసి, "మొదలు ఎవరు కాల్చిన్రు?" అని అడిగింది.

తెలుగు చానెల్లోంచి దిగినందుకు ఇద్దరూ వార్తల తెలుగే మాట్లాడారు.

"మేము శాంతికి కట్టుబడి ఉన్నాము," అన్నాడు జనరల్.

"వారి కంటే ముందే మేము కట్టుబడ్డాము," అన్నాడు నాయకుడు.

కోహీర్ నుంచి అల్లం తెచ్చిన నర్సింలు జనరల్ పక్షం పట్టాడు. "ఇస్త్రీ బట్టలేసుకున్నడు. మంచోడే ఉంటడు."

లారీ డ్రైవర్ మాణిక్ ఒప్పుకోలేదు. "ఇంకో సాబ్ చక్కెర తక్కువ అడిగిండు. ఆశ లేనోడు."

"ఫైసలా నేను చేస్త," అన్నది అజ్మత్ బీ. "అందాక ఉత్తగ కూసోకుండ్రి. ఆ గ్లాసులు కడుగుండ్రి."

సబ్బు రుద్దడం పెద్ద పదవా, నీళ్లు పోయడం పెద్ద పదవా అని ఇద్దరూ తొట్టి దగ్గర వాదులాడుకుంటుంటే ఫోన్ మోగింది.

"ఆపా, పొద్దున్నుంచి ఒక్క తుపాకీ మోగలే," అన్నాడు జబ్బార్. "ఆర్డర్ ఇచ్చేటోళ్లు ఇద్దరూ కనవడ్తలేరట. సిపాయిలు నీడకు పండుకున్నరు. ఎయిర్‌పోర్టు తెరిచిన్రు, నేను లైన్ల ఉన్న."

ఆమె ఫోన్ పెట్టేసి, పోయి టీవీ బంద్ చేసింది.

"మేము తిరిగి వెళ్లవలసి ఉంది," అన్నాడు నాయకుడు.

"ఫైసలా గాలె గద," అన్నది.

శుక్రవారం జబ్బార్ బస్సు దిగాడు. అజ్మత్ బీ వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. ఉల్లిగడ్డలు కోస్తున్న జనరల్ కళ్లు తుడుచుకుంటూ అడిగాడు:

"అమ్మా, తమ్ముడు క్షేమంగా చేరుకున్నారు. మరి మా తీర్పు?"

ఆమె జబ్బార్ వైపు తిరిగింది. "మనోళ్లందరు వచ్చిన్రా?"

"మనోళ్లు వచ్చిన్రు. ఆడుండే జనం ఏడికి పోతరు ఆపా? వాళ్లది ఆ ఊరే."

అజ్మత్ బీ లోపలికి పోయి ఇంకో బస్తా ఉల్లిగడ్డలు ఈడ్చుకొచ్చింది. ఇద్దరి మధ్యలో దించి మూతి విప్పింది.

"ఫైసలా రేపు," అన్నది.